చెవులల్లది మిషిన్ కాదు

ఐతారం, రాత్రి.

మొగుళ్లపల్లి పెండ్లి ఊరేగింపుల ఇయ్యాల మొదటిసారి చెవులల్ల రబ్బరు బిళ్లలు పెట్టుకొని డప్పు కొట్టిన. జనగామ దవాఖానల డాక్టరమ్మ చెవులల్ల మెత్తటి ముద్ద నింపి, అచ్చు తీసి, నా చెవులకే సరిపోయేటట్టు చేయించి ఇచ్చింది. అవి పెట్టుకుంటే మోత తగ్గుతది, దరువు మాత్రం సాఫ్‌గ వినొస్తది.

అందరు చెవిటి మిషిన్ అనుకొని నవ్విండ్రు. పెండ్లిపిల్ల మేనమామ నా చెవి కాడికొచ్చి, "తాతా, వినొస్తుందా?" అని అరిచిండు. "వినొస్తుంది బిడ్డా, నువ్వేం తాగినవో గుడ తెలుస్తుంది" అన్న.

మా జట్టుల రాజలింగు నవ్వలే. "అన్నా, నువ్వు ఎనుక నిలబడు. చెవులు పోయినోడు ముంగట కొడితే అందరి దరువు తప్పుతది" అన్నడు. నలభై ఏండ్ల సంది ముంగట కొడుతున్న నన్ను, గంతమంది నడుమ.

నేను బిళ్లలు తియ్యలే. జట్టుకు ఈపు తిప్పి నిలబడి, "ఒక్కొక్కలు కొట్టుండ్రి" అన్న. ఐదుగురు కొట్టిండ్రు. "మూడో డప్పు తోలు సల్లారి సడలింది. అది రాజలింగుదే. పోయి మంట కాడ కాగబెట్టుకొని రా" అన్న. డప్పు పట్టుకొని మంట కాడికి పోయిండు. ఊరేగింపు అయ్యేదాక ముంగట నేనే కొట్టిన.

ఒక్కటి మాత్రం వాళ్లకు చెప్పలే. ఎడమ చెవుల గుయ్యిమనుడు ఇంకా పోలే. గిది రాస్తుంటే గుడ వస్తనే ఉన్నది... డప్పు మోతకు పోయిన వినికిడి మల్ల రాదని, బిళ్లలు పెట్టుకుంటే ఉన్నది నిలుస్తదని డాక్టరమ్మ ముందే చెప్పింది. పోయింది పోనీ. మిగిలింది నాది. దాన్ని ఎవని నవ్వు కోసం ఇడిసిపెట్ట.