ఎముకల్లో దిగిన చుట్టం

బుడంకాయ బావమరిదికి,

మీ బావ నవ్వకుండా రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. కూర్చుని చదువు.

పాత బ్యాటరీలు పగలగొట్టి లోపలి పలకలు కరిగించడమే కదా నా పని. ఆ సీసం దుమ్ము ఒంట్లోకి ఎక్కిందని డాక్టరమ్మ తేల్చింది. ఊపిరితో కొంత, అన్నం ముద్దతో కొంత లోపలికెళ్లి, నెత్తురులో కలిసి ఒళ్లంతా షికారు చేస్తుందట. కాస్త ఒంటేలుతో బయటికి పోతుంది. మిగతాది ఎముకల్లో దిగుతుంది. ఒళ్లు దాన్ని సున్నం అనుకుని పీట వేసి కూర్చోబెడుతుందట! నువ్వు రెండు రోజులని వచ్చి రెండు నెలలు ఉన్నావే, అలాగన్నమాట. నువ్వు చివరికి పోయావు. ఇది ఏళ్లకేళ్లు పోదు.

కడుపులో మెలిపెడుతోంది. మణికట్టు వేలాడిపోయి అన్నం గిన్నె ఎత్తడం కావట్లేదు. మందుంది గానీ, ఈ దుమ్ము కొంపలో ఉండి మింగితే ఒకవైపు తుడుస్తూ ఇంకోవైపు మన్ను పోసినట్టేనంది. కొన్నాళ్లు మీ ఇంట్లో చోటిస్తావా?

నీ ఏకైక బావ

తా.క.: మీ అక్క బాగానే ఉంది. "బాగానే ఉందని రాయి" అని పక్కనే కూర్చుని చెబుతోంది.

---

అబద్ధాల బావకి, దర్జీ బావమరిది దండాలు.

పోయినసారి కాలు విరిగిందని రాస్తే పెళ్లివారి జాకెట్లు మిషను మీదే వదిలేసి పరిగెత్తుకొచ్చా. విరిగింది మంచం కాలు! ఇప్పుడు ఎముకల్లో సీసమా? మంచిదే, గాలికి ఎగిరిపోవు. గిన్నె ఎత్తలేకపోతున్నావా? పెళ్లయిన దగ్గర్నించి నువ్వు గిన్నె ఎత్తగా చూసినవాడెవడు?

ఉన్నది ఒకటిన్నర గది. అరగదిలో మిషను, గుడ్డముక్కలు. పైగా ఆ సీసం చెమటతో కారి దుప్పట్లకి అంటుకుంటుందేమోనని మా ఆవిడ బెంగ.

ఇక మోసపోని నీ బావమరిది

తా.క.: అక్కని నాలుగు ముక్కలు రాయమను. తను రాస్తే నమ్ముతా.

---

అనుమానాల పుట్టకి,

ఇది అంటుకునే జబ్బు కాదని చెల్లెమ్మకి చెప్పు. చెమటతో కారిపోయేదైతే ఎండలో నిలబెట్టేవాళ్లం కదరా! పోయే దారి మూత్రపిండాలే. అదీ చుక్క చుక్కగా. మందు నెత్తురులో సీసాన్ని పట్టి బయటికి లాగుతుంది. నెత్తురు కాస్త తేటపడగానే ఎముకల్లోంచి మళ్లీ అందులోకి దిగుతుంది. తోడుతూ ఉండు, ఊరుతూ ఉంటుంది. అర్ధాకలి ఒళ్లయితే సీసాన్ని ఇంకా ఎక్కువ పట్టుకుంటుందట. అందరూ తిన్నాక గిన్నె అడుగుది తింటే ఇంతే మరి.

ఒక్క మూల చాలు. మిషను పక్కనైనా సరే. బతిమాలుతున్నాననుకో.

నీ బావ

తా.క.: మీ అక్క రాయదట. చేతికి వీలు కాదంటోంది.

---

మహానటుడైన బావకి,

నువ్వు గిన్నె అడుగుది తింటున్నావా? కూర పొయ్యి దిగకముందే కంచం వాయించే మనిషివి!

మా ఆవిడ అసలు గుట్టు కనిపెట్టింది. మీరిద్దరూ పోట్లాడుకున్నారు, అక్క నిన్ను బయటికి గెంటింది. అందుకే ఒక్క ముక్కైనా రాయట్లేదు. గెంటితే న్యాయం అక్కదే. మా గడప తొక్కావో, కత్తెర ఇక్కడే ఉంది.

అక్క పక్షం బావమరిది

తా.క.: ఆ సీసం కాస్త పంపు. పరదాల అంచులకి బరువు కట్టుకుంటా.

---

నాయనా,

పరదాల మాట మీ అక్కకి చదివి వినిపించా. నవ్వింది. నవ్వేసరికి కడుపు మెలిపెట్టి మంచం మీద ఒరిగిపోయింది.

జబ్బు తనదిరా. నా ఒంట్లోనూ ఉంది, తనదాంట్లో సగం ఉండదు. షాపులో మాకు ముక్కుకి గుడ్డ ఇస్తారు, తాగడానికి పాలిస్తారు. తనకెవరిస్తారు? ఇన్నేళ్లూ నా పనిబట్టలు వాకిట్లో దులిపి ఉతికింది తనే. "తమ్ముడు బెదిరిపోతాడు, నాకని మాత్రం రాయకు" అని ఒట్టు వేయించుకుంది. సరే, నాకని రాశా. నా పేరు చెప్పుకున్న జబ్బుని ఎవరు నమ్ముతారులే. ఇప్పుడు ఆ ఒట్టు తీసి గట్టున పెట్టా.

నేను రాను. నేనెక్కడుంటే ఆ దుమ్ము అక్కడ. వేరే పని కోసం తిరుగుతున్నా, ఈ వయసులో ఎవరూ పిలవట్లేదు. ఇల్లు కడుగుతున్నా. ఎంత కడిగినా నీళ్లు నల్లగానే వస్తున్నాయి.

బావ

తా.క.: పొద్దున్నే తనని బస్సెక్కించా. ఈ ఉత్తరం కంటే ముందే దిగి ఉంటుంది. నాతో పోట్లాడి వచ్చేశానని చెప్పి ఉంటుంది. మీ ఆవిడ చెప్పిందే నిజమైందని నువ్వూ నమ్మేసి ఉంటావు. అలాగే నమ్ము. తన ముందు నన్ను నాలుగు తిట్టు కూడా. అన్నం మాత్రం అందరికంటే ముందు తనకి పెట్టు.