కొళాయి చప్పుడు

ఏవండీ,

బాగున్నారా అని అడగను. మీరు వెళ్లిపోయి నిన్నటికి సంవత్సరం మీద పన్నెండు రోజులు. బతికున్నన్నాళ్లూ మీరు, అండీ అని పిలిచాను. ఈ ఉత్తరంలో మాత్రం నువ్వు అనే రాస్తాను. కోపంగా ఉన్నాను కాబట్టి. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు... మరి ఎవరి మీద పెట్టుకోమంటావు?

మంచి సంగతులు ముందు చెప్పేస్తాను. అవి కొన్నే. నీ బదులు నాకు రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపు స్టోర్సులో పని ఇచ్చారు. క్వార్టరు ఖాళీ చెయ్యక్కర్లేదు. మన షారోను ఒకటో తరగతికి వచ్చింది, ముందు పళ్లు రెండూ ఊడాయి. అత్తయ్య మోకాళ్లు అలాగే ఉన్నాయి. నీ స్కూటరు ఇంటి పక్కన రేకుల కింద ఉంది. అమ్మబుద్ధి కాలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. అది పెళ్లయిన ఎనిమిదో రోజు నుంచి మొదలు పెట్టాలి. గుర్తుందా? మే నెల. కాలనీలో నీళ్లు పొద్దున గంటసేపు వస్తే గొప్ప. నువ్వు బాత్రూంలో కొళాయి పూర్తిగా తిప్పేసి ఎంతకీ బయటికి రావు. నీళ్లన్నీ పోతున్నాయని తలుపు కొట్టాను. తలుపు తీశావు. చేతిలో ఊపిరాడనప్పుడు నోట్లో కొట్టుకునే నీలం పంపు. నన్ను లోపలికి లాగి చెవిలో చెప్పావు.

"చుప్. ఇది నీకూ, నాకూ, దేవుడికీ. నాలుగో మనిషికి తెలియకూడదు."

కొత్త పెళ్లికూతుర్ని. మొగుడు రహస్యం చెప్పాడని మురిసిపోయాను కూడా. ఎంత పిచ్చిదాన్ని...

నీకు చిన్నప్పుడు ఉబ్బసం. పద్నాలుగో ఏట కూటాల్లో ప్రార్థన చేయించుకున్నావు, తగ్గింది. అది అబద్ధమని నేనెప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. దేవుడు చేసిన మేలును సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పావు. అందులోనూ తప్పు లేదు. కానీ ఇరవై నాలుగో ఏట అది మళ్లీ వచ్చింది. అప్పటికి పదేళ్లుగా ఎక్కడ కూటం జరిగినా నిన్ను నిలబెట్టి ఆ సాక్ష్యమే చెప్పిస్తున్నారు. మళ్లీ వచ్చిందని ఏ నోటితో చెబుతావు?

చెబితే దేవుడేమైనా చిన్నబోతాడా అని ఒకసారి అడిగాను.

"దేవుడు కాదే సుగుణా, నా మాట నమ్మినవాళ్లు చిన్నబోతారు" అన్నావు.

అందుకని తేలు కుట్టిన దొంగలా బతికావు. ఆదివారం పొద్దున చప్పుడు వినబడకుండా కొళాయి తిప్పి పంపు కొట్టుకోవడం, మన సంఘం గుడికెళ్లి గొంతెత్తి పాడడం. నీ పాట విని అందరూ ఆ ఊపిరి చూడండి అనేవాళ్లు. నేను తల వంచుకుని పాటల పుస్తకంలోకి చూసేదాన్ని.

అది నీ ఊపిరి, నీ ఇష్టం. అంతవరకూ నేను ఊరుకున్నాను. కానీ షారోను సంగతో?

దానికి రెండున్నరేళ్లు. దీపావళి అయిన వారం. డొక్కలు ఎగరేస్తోందని మోవా ఆసుపత్రిలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఇంట్లో ఎవరికైనా దమా, అంటే ఉబ్బసం, ఉందా అని ఆవిడ అడిగింది. మన సంఘంలోని నర్సమ్మ పక్కనే నిలబడి ఉంది. నువ్వు తడుముకోలేదు.

"నహీ మేడమ్. హమారే ఖాన్‌దాన్ మే కిసీ కో నహీ."

మన వంశంలోనే ఎవరికీ లేదట. నేను కుక్కిన పేనులా కూర్చున్నాను. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? జలుబుతో వచ్చే ఆయాసం, పెద్దయితే పోతుందిలే అని సిరప్‌లు రాసింది. దాదాపు రెండేళ్లు ఆ సిరప్‌లే. దీపావళి పొగ అయిపోతే చలికాలం మంచు, మంచులో భన్‌పురి ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చే నల్ల దుమ్ము. అది తగ్గేసరికి మామిడి పూత, కళ్లు నలుపుకోవడం, తుమ్ములు. ఎండలు ముదిరి కూలరు వేస్తే దాని పాత గడ్డి వాసనకి మళ్లీ ఆయాసం. ఏ కాలమూ ఆ పిల్లని వదిలిపెట్టలేదు. ఐదుసార్లు ఆసుపత్రిలో ఆవిరి మిషను పెట్టారు.

ఐదుసార్లూ నువ్వు ఒకటే మాట. "ఏం కాదే, మౌసమ్ మారింది."

మౌసమ్ మారితే మారింది... నువ్వెందుకు మారలేదు?

తర్వాత నీ రోజే వచ్చింది. పంపు జేబులో పెట్టుకుంటే నీ పక్కన పనిచేసే బెంజిమెన్ అన్నయ్య చూస్తాడని స్కూటరు డిక్కీలో పెట్టేవాడివి. గుడిలో నీ పాటకి ఢోలక్ వాయించే మనిషి కదా, తెలిస్తే ఎలాగని. ఆ మధ్యాహ్నం ఆయాసం వచ్చి స్కూటర్ల స్టాండు వైపు నడిచావు. సగం దూరమే నడిచావు.

గుండె అన్నారందరూ. నేనూ గుండె అనే అన్నాను. నిన్ను పెట్టెలో పెట్టి పాటలు పాడుతుంటే కూడా గుండె అనే చెప్పాను. డిక్కీ తాళం నా కొంగున ఉంది.

నెల తిరక్కుండా పాపని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లి నిజం చెప్పాను. ఆవిడ తిట్టలేదు. పాత కార్డు మీద అడ్డంగా గీత కొట్టి కొత్త కార్డు మొదలుపెట్టింది. తిట్టినా బాగుండేది. రెండు పంపులు రాసింది. గోధుమరంగుది బాగున్నా సరే పొద్దునా సాయంత్రం. నీలంది ఊపిరి పట్టేసినప్పుడు మాత్రమే. పంపుని గొట్టానికి తగిలించి, గొట్టానికి మాస్కు పెట్టి, పది లెక్కపెట్టే దాకా ఊపిరి తియ్యాలి. గోధుమరంగుది వేశాక నోరు పుక్కిలించాలి. ఇంతే. దాదాపు రెండేళ్లు ఆ పిల్ల కొట్టుకున్నది ఇంతమాత్రం దానికి.

అప్పట్నుంచి ఇంట్లో పొడి చీపురు పట్టలేదు, తడిగుడ్డే. దిండు గలీబులు వారం వారం వేడినీళ్లలో వేస్తాను. దోమల చుట్ట మానేసి తెర కట్టాను. కూలరు గడ్డి కొత్తది వేయించాకే స్విచ్చి వేశాను. గాలి భన్‌పురి వైపు నుంచి వీస్తే ఆ కిటికీ తియ్యను. ఈ వానాకాలమంతా ఒక్కసారి కూడా ఆవిరి పెట్టించలేదు, తెలుసా? వానలో తడిసింది, ఐస్‌క్రీమ్ తింది, పరుగెత్తింది.

కానీ పంపు మాత్రం లోపలి గదిలో తలుపేసుకునే వేశాను.

అత్తయ్యకి కూడా చెప్పలేదు. బలం మందు అన్నాను. కొడుక్కి చిన్నప్పుడు పోయిన జబ్బు మనవరాలికి వచ్చిందంటే తట్టుకోలేదనుకున్నాను. నీ పేరు పోతుందనుకున్నాను. చూశావా, నీ రోగం నాకూ అంటింది. ఊపిరి రోగం కాదు, దాచుకునే రోగం.

నీ సంవత్సరీకం కూటం మనింట్లోనే పెట్టాం. సాయంత్రం ఆరింటికి. ముందుగది చాలదని గుడి నుంచి దరీలు తెప్పించి వరండా దాకా పరిచారు. ఏడాదంతా పెట్టెలో పడున్న దరీలు. దిండు గలీబులు ఉడకబెట్టే దాన్ని, ఆ దరీల దుమ్ము సంగతి నాకు తట్టలేదు. నీ ఫోటోకి దండ సరిగ్గా ఉందా లేదా అని చూసుకుంటున్నాను.

మన పాస్టరు అయ్యగారు నీ సాక్ష్యమే వాక్యంగా చెప్పారు. పద్నాలుగేళ్ల పిల్లాడి ఆయాసం ఒక్క ప్రార్థనతో ఎలా పోయిందో, ఆ తర్వాత పంపనేది ముట్టకుండా ఎలా పాడాడో. అందరూ తలలూపుతున్నారు. షారోను నా పక్కనే తెల్లగౌనులో కూర్చుని వింటోంది. పాట మొదలైంది. రెండో చరణంలో చూస్తే అది పక్కన లేదు.

లోపల నుంచి కొళాయి చప్పుడు వినబడింది.

ఆ చప్పుడు నాకు తెలియదా? ఏడేళ్లు విన్నాను. ఎలా లేచానో, ఎవరి కాళ్లు తొక్కానో తెలీదు. రేపు బాగుచేస్తానంటూ నువ్వెప్పుడూ బాగుచెయ్యని ఆ గడియ ఒక్క తోపుకి ఊడింది. లోపల పిల్ల బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉంది. పెదాలు రంగు మారాయి. చేతిలో పంపు ఉంది. దాని పంపు కాదు, నీది. తాళం ఎప్పుడు పట్టుకుపోయి డిక్కీలోంచి తీసి దాచుకుందో. ఖాళీ పంపు. నొక్కుతోంది... నొక్కుతోంది... అందులోంచి ఏమీ రావట్లేదు.

కొళాయి కట్టెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది. మాట రావట్లేదు, ఊపిరి లేదు, అయినా కట్టొద్దని తల అడ్డంగా ఊపింది. బయట జనం ఉన్నారు కదా... వినబడుతుందని.

ఆ చెయ్యి నీకు చూపించాలని ఉంది. ఎక్కడున్నా వచ్చి ఒకసారి చూడు.

ఎత్తుకుని ముందుగదిలోకి తెచ్చాను. పాట ఆగిపోయింది. నీ ఫోటో కింద, అందరి ముందు, గొట్టం పెట్టి నీలం పంపు వేశాను. ఒకటి తర్వాత ఒకటి. అయ్యగారు చూస్తున్నారు, పాస్టరమ్మగారు చూస్తున్నారు, అత్తయ్య చూస్తోంది. చూడనీ అనుకున్నాను. బెంజిమెన్ అన్నయ్య పరుగెత్తి ఆటో తెచ్చాడు. మోవా చేరేసరికి కాస్త తేలిక పడింది. ఆక్సిజన్ పెట్టి రెండురోజులు ఉంచారు. బతికింది. నీ కూతురు బతికింది.

తేరుకున్నాక నెమ్మదిగా అడిగాను, కొళాయి తిప్పడం ఎవరు నేర్పారని. నాన్న అంది. నీ చివరి దీపావళికి నువ్వే దాన్ని బాత్రూంలోకి తీసుకెళ్లి, కొళాయి తిప్పి, నీ పంపు దాని నోట్లో పెట్టి రెండుసార్లు కొట్టావట. నానమ్మకి వినబడకూడదన్నావట. అది నీ గొంతు పెట్టి మరీ చెప్పింది.

"ఇది నీకూ నాకూ చిట్టీ."

నాకు చెప్పిన మాటే. అందులోంచి దేవుణ్ణి కూడా తీసేశావు.

అంటే నీకు తెలుసు. దానికి ఏ జబ్బో, ఏ మందు పనిచేస్తుందో తెలుసు. వంశంలో ఎవరికీ లేదన్న మనిషివే నీ ఊపిరిలోంచి దానికి వాటా పెట్టావు. దీన్ని ప్రేమ అనుకోనా? ఎంత ఆలోచించినా నాకు అర్థం కావట్లేదు. నీకైనా అర్థమైందా...

ఇంకోటి ఉంది. ఇది రాయకుండా ఉండలేను.

ఆసుపత్రి వరండాలో బెంజిమెన్ అన్నయ్య నా పక్కన కూర్చుని చెప్పాడు. నాలుగేళ్ల కిందట ఏదో పనికి నీ స్కూటరు అడిగి తీసుకెళ్లినప్పుడు డిక్కీలో పంపు చూశాడట. చూసి, మళ్లీ అలాగే పెట్టేశాడట. నువ్వే చెప్పనప్పుడు తను అడిగితే నువ్వు చిన్నబోతావని ఊరుకున్నాడు. ఆ మధ్యాహ్నం నువ్వు పనిముట్లు కింద పెట్టి స్టాండు వైపు గబగబా నడవడం చూశాడు. ఎందుకో తెలుసు. నీకు సిగ్గుగా ఉంటుందని వ్యాగను వైపు మొహం తిప్పుకున్నాడు. కేకలు వినబడి వెనక్కి తిరిగేసరికి నువ్వు కింద పడున్నావు.

ఒక్క మాట అంటే తానే పరుగెత్తి తెచ్చేవాణ్ణని, యాభై ఏళ్ల మనిషి, పిల్లాడిలా ఏడ్చాడు.

ఎవరి దగ్గర దాచావు మరి? తెలిసిన మనిషికి తెలియకూడదని నువ్వు, నీకు తెలియకూడదని ఆయన. మధ్యలో నీ ప్రాణం పోయింది. ఇంకొంచెం ఉంటే పిల్లది కూడా పోయేది.

మొన్న ఆదివారం సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాను. ఎప్పుడూ నోరు విప్పనిదాన్ని. నీకు పద్నాలుగో ఏట తగ్గిందని చెప్పాను. ఇరవై నాలుగో ఏట మళ్లీ వచ్చిందనీ చెప్పాను. నువ్వు పోయింది గుండెతో కాదని చెప్పాను. నీలం పంపు చేతిలో పట్టుకుని, నా కూతురి విషయంలో దేవుడు చేసిన మేలు ఇదేనని చెప్పి కూర్చున్నాను. అయ్యగారు పాట నంబరు చెప్పారు. రెండు కుటుంబాలవాళ్లు ఇప్పుడు నాకు వందనం చెప్పడం మానేశారు. మాననీ.

అత్తయ్య మూడురోజులు నా చేతి అన్నం తినలేదు. నాలుగో రోజు పళ్లెం దగ్గర కూర్చుని, కన్నతల్లిని కదా, నాకైనా ఎందుకు చెప్పలేదే వాడు అని అడిగింది. అన్నం వడ్డించాను. జవాబు నీ దగ్గరుందా?

ఇప్పుడు పంపు వరండాలో వేస్తున్నాం. దారినపోయేవాళ్లు చూస్తారు. షారోను మాస్కు పెట్టుకుంటే అత్తయ్య పక్కన కుర్చీలో కూర్చుని పదిదాకా లెక్కపెడుతుంది. పైకే, గట్టిగానే.

నీ ఖాళీ పంపు పారెయ్యలేదు. నీ ఫోటో పక్కనే పెట్టాను, ఇంటికొచ్చే ప్రతివాళ్లకీ కనబడేటట్టు. అడిగినవాళ్లకల్లా చెబుతాను. గుండె అని ఇక అనను. నీకు కోపమొస్తే రానీ. నా కోపం తీరడానికి ఇంకా చాలాకాలం పట్టేలా ఉంది.

ఏడున్నర అయింది. పాప పిలుస్తోంది, పంపు వేసే వేళ. కొళాయి కట్టేసే ఉంది.

ఉంటానండీ.

సుగుణ