బతికున్నోనికి బియ్యం

ఆగస్టు 19, 2025

పేపర్ దాదాపు ఒప్పుకున్నట్టే. జర్నల్ వాళ్లు ఒక్కటే అడిగారు: ల్యాబ్‌లో పెంచే మా సెల్ లైన్ కణాల డీఎన్ఏ, పేషెంట్ రక్తం డీఎన్ఏ ఒకటేనని రుజువు కావాలట. చిన్న పని. రెండు శాంపిల్స్ టెస్టింగ్ కంపెనీకి పంపేశాను.

పొద్దున రైల్లో మా ల్యాబ్ రచనకు చెప్పాను. తాండూరులో నేనెక్కి తనకూ సీటు ఆపుతాను, వికారాబాద్‌లో తనెక్కుతుంది. ల్యాబ్‌లో చేరినప్పటి నుంచీ ఇంతే. ఎగిరి గంతేస్తుందనుకుంటే, ఈ టెస్టు లేకుండా కుదరదా అని అడిగింది. నిద్ర చాల్లేదు కాబోలు.

ఆగస్టు 24, ఆదివారం

ధారూర్‌లో దిగి కాశమ్మను చూసొచ్చాను. ఈరయ్య తల్లి. ఈరయ్య తాండూరులో బండల పాలిష్ పని చేసేవాడు. కడుపు క్యాన్సర్. ఆపరేషన్‌లో తీసిన గడ్డలోంచి చిటికెడు ముక్క మాకు వచ్చింది. మనిషి పోయాడు, కణాలు ఫ్లాస్కులో బతికాయి. అలా బతకడం చాలా అరుదు. మేం పరీక్షించే ప్రతి మందూ ముందు వాటి మీదే. నా రీసెర్చ్ అంతా ఈరయ్యే.

కొడుకు కణాలు బతికే ఉన్నాయన్న మాట కాశమ్మకు చెప్పింది నేనే. అప్పటినుంచీ పెత్తరమాస వస్తే ఇంట్లో పోయినవాళ్లందరి పేర్ల మీదా అయ్యగారికి బియ్యం ఇస్తుంది, ఈరయ్య పేరు మాత్రం చెప్పదు. కులపోళ్లు తిట్టినా వినదు. "బతికున్నోనికి బియ్యమిస్తరా? నా కొడుకు పట్నంల ఉన్నడు" అంటుంది. ఇవాళ కూడా అడిగింది, "పోరడు మంచిగున్నడా బిడ్డా" అని. మంచిగా పెరుగుతున్నాడమ్మా అన్నాను. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. రెండోసారి కూడా వేసుకున్నాను.

సెప్టెంబర్ 3

మ్యాచ్ కాలేదు.

సెప్టెంబర్ 4

ఫ్లాస్కులో ఉన్నది ఈరయ్య కాదు. మా ల్యాబ్‌లో అందరూ వాడే పాత సెల్ లైన్. ఏ దేశంలోనో ఎప్పుడో చనిపోయిన ఎవరో ఆడమనిషి కణాలు. చేలో వయ్యారిభామ కలుపులాంటివి. ఒక్క చుక్క పడితే చాలు, పక్కవాటిని తొక్కేసి తామే నిండిపోతాయి. అందుకే కణాలకు తిండిగా పోసే మీడియా బాటిల్ ఒక లైన్‌కు వాడితే ఇంకోదానికి వాడకూడదు. ల్యాబ్‌లో మొదటిరోజు నేర్పే పాఠం అదే.

రిపోర్ట్ తప్పేమోనని కంపెనీకి ఫోన్ చేశాను. టెక్నీషియన్ పాపం మర్యాదగానే చెప్పాడు. ఇదే శాంపిల్ పోయిన నవంబర్‌లో రచన మేడం పంపారు కదా, అప్పుడూ ఇదే వచ్చింది కదా అన్నాడు.

నవంబర్‌లో!

సెప్టెంబర్ 5

సీటు ఆపలేదు. రచన వచ్చి నా పక్కనే నిలబడింది. శంకర్‌పల్లి దాటాక తనే మొదలుపెట్టింది.

నేను డెంగీతో పడుకున్నప్పుడు ఈరయ్య కణాలకు మీడియా మార్చింది తనే. సాయంత్రం రైలు తప్పుతుందని ఆదరాబాదరాగా రెండు లైన్లకూ ఒకే బాటిల్ వాడింది. ఆ రైలు కోసం మేమెలా పరుగెత్తుతామో నాకు తెలుసు. ఆ తప్పు నేనూ చేసేదాన్నేమో. అందుకు నాకు కోపం లేదు. నవంబర్‌లో అనుమానమొచ్చి టెస్టు చేయించిందట. అప్పటికి ఆ కణాల మీదే థీసిస్ రాసేసింది. "నీకు చెప్పనీకి ధైర్యం రాలే ప్రణవీ" అన్నది. ధైర్యం రాలేదట! వైవాలో నిలబడి ఆ లెక్కలన్నీ గడగడా చెప్పడానికి మాత్రం ధైర్యం వచ్చింది.

కడుపు మండేది అందుకు కూడా కాదు. ఫిబ్రవరిలో నాతోపాటు ధారూర్ వచ్చింది. కాశమ్మ చేతి రొట్టె తిన్నది. కొడుకెట్లున్నడని ఆమె అడిగితే, నేను నోరు తెరిచేలోపే, "మస్తుగున్నడు పెద్దమ్మా, ఫికర్ జెయ్యకు" అన్నది. అన్నీ తెలిసి అన్నది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

సెప్టెంబర్ 12

మా గైడ్ సార్ తొందరపడొద్దంటున్నారు. ఇలాంటివి ఏ ల్యాబ్‌లోనైనా జరిగేవేనట, నిదానంగా చూద్దామట. నేను నిదానంగా చూడలేను. పేపర్ వెనక్కి తీసుకుంటున్నామని మెయిల్ పెట్టేశాను. సార్ మాట్లాడటం మానేశారు.

నైట్రోజన్ ట్యాంకులో గడ్డకట్టించి దాచిన ఈరయ్య కణాల పాత వయల్స్ కరిగించి టెస్టుకు పంపాను. అన్నీ నా డెంగీ తర్వాత దాచినవే. అయినా ఒక్కదాంట్లోనైనా ఈరయ్య ఉంటే చాలు.

సెప్టెంబర్ 18

ఒక్కదాంట్లోనూ లేడు.

సెప్టెంబర్ 20

రేపే పెత్తరమాస. నేను చెప్పకపోతే ఈసారి కూడా ఈరయ్యకు బియ్యం ఇవ్వరు. నాకు ఈ నమ్మకాలు లేవు. కాశమ్మకు ఉన్నాయి. నా మాట నమ్మి కన్నకొడుకును పస్తుపెట్టింది.

రచన మెసేజ్ పెట్టింది. ముసలామె సంతోషంగా ఉన్నది కదా, ఇప్పుడెందుకు చెప్పి పరేషాన్ చేయడం అని. ఇన్ని నెలలు నన్ను కూడా అలాగే సంతోషంగా ఉంచింది.

సెప్టెంబర్ 21

చెప్పేశాను. కాశమ్మ ఏడవలేదు. కూర్చోమని కూడా అనలేదు.

అయ్యగారు వచ్చాక చేటలో బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టి ఈరయ్య పేరు చెప్పి ఇచ్చింది. లోపలికి పోయి ఇంకో చేట తెచ్చింది. ఇది ఎవరి పేరు మీద అని ఆయన అడిగాడు. "పేరు ఎరుకలే అయ్యా. ఎవలో ఆడిది. ఇన్ని దినాలు నా కొడుకే అనుకొని మంచిచెడ్డ అడిగిన. ఉత్తగ ఎట్ల పంపుత?" అన్నది.

నేను చెప్పులు వేసుకుంటుంటే నా వైపు చూడకుండానే, "నువ్వింక రాకు బిడ్డా" అన్నది.