ఇద్దరు పట్టే వేడిగది

గుర్గావ్

ప్రియమైన పార్వతక్కకు,

నీ చెల్లెలు సుభద్ర నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా. నీ నడుంనొప్పి తగ్గిందా? బావగారి దగ్గు ఎలా ఉంది? అమ్మ వేళకు మందులు వేసుకుంటోందా? అందరి సంగతులూ వివరంగా రాయి, రెండు ముక్కలు గీకి ఊరుకోకు.

ఇక్కడ చలి చంపేస్తోందక్కా. కొబ్బరినూనె సీసా పొయ్యి దగ్గర పెడితేగాని కరగదు. పాపం అత్తయ్యగారికి మోకాళ్ళు పట్టేశాయి. "నన్ను తెనాలిలో మా తమ్ముడి దగ్గరికి పంపెయ్యండర్రా" అని రోజూ ఒకటే పాట. ఆవిడ వెళ్ళిపోతే నా గతేమిటి? మీ మరిది సగం రోజులు క్యాంపుల్లోనే ఉంటారు. మా పాపేమో నేను తెలుగులో అడిగితే "అచ్ఛా మమ్మీ" అంటూ హిందీలో జవాబిస్తుంది. ఆవిడ వచ్చాకే ఈ ఇంట్లో నోరారా మాట్లాడుకోవడానికి నాకో మనిషి దొరికింది.

వేడి తగిలితే కాళ్ళు సాగుతాయన్నాడు డాక్టరు. బీపీ కూడా చూసి పర్వాలేదన్నాడు. దాంతో ఈయన ఇంట్లోకి సౌనా కొంటానని బయలుదేరారు. కంగారుపడకు, అదో చెక్కగది. మూల కరెంటు పొయ్యి, దాని మీద రాళ్ళు. లోపల కాసేపు కూర్చుంటే ఒళ్ళంతా చెమట పడుతుంది. షాపులో ఒక్కరు పట్టేది చూపించారు, బీరువా అంత ఉంది. దేశం వదిలి వెళ్ళిపోతున్న ఒక విదేశీ కుటుంబం ఇద్దరు పట్టేది అమ్ముతోంది. "అమ్మకొక్కదానికే కదా, చిన్నది చాలు" అంటారీయన. అత్తయ్యగారు ఆ చిన్నదాని తలుపు తీసి చూసి, "ఇందులో నన్నొక్కదాన్నే పెట్టి మూసేస్తారా?" అన్నారు. ఆ మాట విన్నాక నేను పట్టిన పట్టు వదల్లేదు. పెద్దదే తెచ్చాం. పొయ్యికి విడిగా వైరు లాగించాం. సాయంత్రమైతే కరెంటు పోతుంది, అందుకని పొద్దున్నే వాడకం.

ఇక అసలు భాగోతం విను. మొదటిరోజు నేను ఈయనకి క్యారియరు సర్దుతూ, "మీరు కూర్చోండత్తయ్యా, వస్తున్నా" అన్నాను. రాళ్ళ మీద గరిటెడు మంచినీళ్ళు పోసుకోవచ్చని అమ్మినావిడ చెప్పింది. ఈవిడ ఊరుకుంటారా? జలుబుకి ఆవిరి పట్టినట్టు, పసుపు వేసి మరిగించిన నీళ్ళు చెంబుడు కుమ్మరించారు! రాళ్ళు చిటపటలాడాయి, ఇల్లంతా మాడు కంపు, చెక్కగోడ పచ్చగా అయిపోయింది. "ఏంటమ్మా ఇది, ఒక్కమాట అడగొచ్చు కదా!" అని ఈయన కేకలేశారు. ఆవిడ గదిలోకి వెళ్ళి పెట్టె సర్దుకున్నారు. నాకు ఏడుపొచ్చేసిందక్కా.

మర్నాడు పొద్దున్నే ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి, పక్కనే కూర్చున్నాను. అవీ ఇవీ మాట్లాడుకుంటూ ఉండగా ఆవిడ ఉన్నట్టుండి, "మీ మామయ్య పోయాక నా పక్కన ఇంతసేపు ఎవరూ కూర్చోలేదే అమ్మాయ్" అన్నారు. ఆవిడ మోకాలు నిమురుతూ ఉండిపోయాను.

తలుపు తీసేసరికి ఈయన తువ్వాళ్ళు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నారు. అంతా విన్నట్టున్నారు. గోడ మీద మరక చూసి, "పోనీలేమ్మా, గడపకి పసుపు రాసినట్టే ఉంది" అన్నారు. ఆ పూట టిఫిను ముగ్గురం కలిసి తిన్నాం. పెట్టె మాత్రం సర్దినది సర్దినట్టే ఉంది. అడగడానికి నాకు భయం.

అమ్మకీ బావగారికీ మా నమస్కారాలు చెప్పు. పిల్లలకి ముద్దులు. మీ అందరి దీవెనలూ మా మీద ఉండాలి.

ఇట్లు
నీ చెల్లెలు
సుభద్ర

తా.క. కవరు అంటించబోతుంటే అత్తయ్యగారు వచ్చి, మీ దొడ్లో వావిలాకు కోసి ఎండబెట్టి, ఇటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే పంపమని రాయమన్నారు. రాళ్ళ మీద వెయ్యరట, కాళ్ళకు కాపడం పెట్టుకుంటారట. "ఈ చలి తగ్గేదాకా సరిపడా పంపమననా?" అన్నాను. "వచ్చే చలికాలానికి కూడా చూసి పంపమను" అన్నారు.