మూసుకున్న ఆల్చిప్ప

అవ్వా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున మన పాపఘ్ని మడుగులో సున్నంబట్టీ వాళ్లు దిగారు. ఎండలకు మోకాలిలోతుకు వచ్చిన నీళ్లలో బురదలో దేవులాడి, బతికున్న ఆల్చిప్పలను సున్నానికి కాల్చేందుకు బస్తాలకెత్తుతున్నారు. నిండిన బస్తా ఒకదాని మీద నేను కూర్చున్నాను.

"లెయ్యమ్మా, బండి పోవాల," అన్నాడు మేస్త్రీ, పార పట్టుకుని మీదికొస్తూ.

"నోరు మూసుకున్నదాంట్లో పానముండాది. ఉగ్గు పెట్టేదానికి కూడా మా అవ్వ తెరుచుకున్న చిప్పలే ఏరేది."

"ఎవురు, కాన్పులు చేసే అవ్వనా?"

తలూపాను. అతను పార దించలేదు. నేను కొంగుతో బస్తా మూతిని అదిమి పట్టుకున్నాను.

"నాకు ఉగ్గు పెట్టింది ఆయమ్మేనంట," అని గొణిగి, ఆ ఒక్క బస్తా మడుగులో కుమ్మరించాడు. మిగతావి బండెక్కాయి. రేపు మళ్లీ వస్తారట.

ఇంటికొచ్చేసరికి నీ పేరు పెట్టుకున్న నా బిడ్డ ఆకలికి గుక్కపట్టి ఏడుస్తోంది. నువ్విచ్చిన ఉగ్గుచిప్ప మొన్ననే పగిలింది. నా కొంగులో చిక్కుకుని ఒక ఆల్చిప్ప వచ్చింది, గట్టిగా మూసుకుని ఉంది. కత్తి తీశాను.

కత్తి పక్కన పెట్టి, ఆ ఆల్చిప్పను నీళ్లబానలో వేసి, బిడ్డకు ఉగ్గు వేలితో నాకించాను.