నీలం పడవా, తెల్ల పడవా

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ, హాస్టల్లో అమ్మాయీ క్షేమం. క్రేన్ మీద అంత ఎత్తున కూర్చుని పనిచేసే మీరూ క్షేమంగా ఉన్నారనే తలుస్తాను. మోకాలు నొప్పి ఎలా ఉందని అడిగారు, తగ్గింది. ఒంట్లో బాగానే ఉంది కానీ, ఒళ్ళు మాత్రం మండుతోంది. ఎందుకో చెబుతాను, నిదానంగా చదవండి.

మీరు రాసినట్టే డ్యూటీ దిగి రేవుకు వెళ్ళి, ఆ సెకండ్ హ్యాండ్ పడవలు రెండూ చూసొచ్చాను. రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదంటారు గానీ, నా చేత పెట్టించారు. మీ కాంట్రాక్టు అయ్యాక ఈ అద్దె ఇల్లు ఖాళీ చేసి, పడవలోనే కాపురం పెట్టి, ఊళ్ళు తిరుగుతూ, ఓపిక ఉన్నప్పుడు తెరచాప పడవల పందేలకు వెళ్దామని అనుకున్నది మనిద్దరం. కాబట్టి ఏది దేనికి పనికొస్తుందో నేనూ శ్రద్ధగానే చూశాను.

బ్రోకరు తాళాలు ఊపుకుంటూ వచ్చి నేరుగా నీలం పడవలోకి తీసుకెళ్ళాడు. వెడల్పు పడవ. లోపల మీరైనా తల వంచకుండా నిలబడొచ్చు. పడవ ఎంత ఊగినా గిన్నె ఒలకకుండా పొయ్యి దానంతటదే సర్దుకుంటుంది. నీళ్ళ ట్యాంకు పెద్దది. పరుపు కింద చెమ్మ వాసన ఉంది, ఇంజను దగ్గి దగ్గి గానీ లేవలేదు. "అలమరలు చూడండమ్మా, ఎన్ని డబ్బాలు పడతాయో," అన్నాడు. డబ్బాలు సరే, ఎదురుగాలికి ఎలా పోతుందని అడిగితే, "అవన్నీ సార్ వచ్చాక మాట్లాడుకుంటాం లెండి," అని నవ్వాడు. పైగా చక్రం ఎటు తిప్పితే పడవ ఎటు తిరుగుతుందో నాకు నేర్పబోయాడు. బస్సు నిండా స్కూలు పిల్లల్ని వేసుకుని రోజూ బజారు సందులో మలుపు తిప్పేదాన్ని నేను.

పక్కనే ఉన్న తెల్ల పడవ చూపించమంటే కదలడు. గట్టిగా అడిగితే అసలు సంగతి కక్కాడు.

"సారే ఫోన్ చేశారమ్మా. మా ఆవిడకి నీళ్ళంటే భయం, పడవ కాస్త ఒరిగితే కెవ్వుమంటుంది, వెడల్పుదే చూపించు అన్నారు."

పోయిన వానాకాలం మన పాత చిన్న పడవలో గాలి మళ్ళి, తెరచాప కర్ర తగిలి నీళ్ళలో పడింది ఎవరండీ? పడవ వెనక్కి తిప్పి, తాడు విసిరి, కాలరు పట్టుకుని లాగింది ఎవరు? అప్పుడు నేను కెవ్వుమన్నానా? "కాళ్ళు తన్నండి," అన్నాను, అంతే. ఆ తర్వాత పడవ ఎక్కుదామన్నప్పుడల్లా మీకు ఒకసారి నడుం పట్టేసేది, ఒకసారి మబ్బు పట్టేసేది. నేను ఒక్క మాటా అనలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చివరికి ఆ ఓటి మద్దెల నేనయ్యానన్నమాట.

అతని చేతిలో తాళాలు నేనే తీసుకుని తెల్ల పడవ ఎక్కాను. సన్నగా పొడుగ్గా ఉంది. లోపల నడుం వంచుకునే తిరగాలి. మరుగుదొడ్డికి తలుపు లేదు, తెర ఉంది. పడుకునే చోట తెరచాపల సంచులు. కాపురానికైతే రైల్లో పై బెర్తే నయం. కానీ తాళ్ళన్నీ కూర్చున్న చోటికే అందుతాయి, తెరచాపలు ఇంకా కరకరలాడుతున్నాయి. దాన్ని రేవు బయటికి తీయించి చుక్కాని నేనే పట్టాను. గాలి అందగానే ఓ పక్కకి ఒరిగి పరుగందుకుంది. బ్రోకరు రెండు చేతులా కడ్డీ పట్టుకుని, "అమ్మా, మెల్లిగా," అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇక ఒక మాట. ఆదివారాలు ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని అడిగారు. జవాబు దాటేద్దామనే అనుకున్నాను. ఆదివారాలు నేను పందేలకు వెళుతున్నాను. అమ్మాయికి లెక్కలు చెప్పిన టీచరమ్మ పడవలో ముందు తెరచాప చూసుకునేది నేనే. మీరు ఊరు వెళ్ళిన దగ్గర్నుంచీ ఇదే వరస. చెబితే మనసు కష్టపెట్టుకుంటారని చెప్పలేదు. నేనూ దాచాను, ఒప్పుకుంటున్నాను. నేను దాచింది నా సంతోషం. మీరు దాచింది మీ భయం, అదీ నా కొంగు చాటున.

మీరు భయపడ్డారని కాదు నా కోపం. అన్ని నీళ్ళు మింగి పైకొచ్చిన మనిషికి భయం ఉండదా? నిద్రలో మీరు దుప్పటి గుప్పిట్లో బిగించి పట్టుకోవడం నేను చూడలేదనుకున్నారా? ఆ మాట నాతో అంటే సరిపోయేది. ముక్కూమొహం తెలియని బ్రోకరుతో అన్నారు, అదీ నా పేరు పెట్టి.

నిన్న అతనికి జవాబు చెప్పేశాను. నీలం పడవే. పరుపు మార్చి, ఇంజను బాగుచేయించి ఇమ్మన్నాను. తెల్ల పడవని ఎవరో అన్నదమ్ములు తీసుకున్నారు. వాళ్ళు దాన్ని రేవు దాటిస్తుంటే చూశాను. దాచడం దేనికి, ఏడుపొచ్చింది.

నీలం పడవ మీ కోసం తీసుకుంటున్నాను. నాకు ఇష్టమయ్యే తీసుకుంటున్నాను. ఎవరికోసమని రేపు ఎవరైనా అడిగితే, ఆ జవాబు మాత్రం మీ నోటితో మీరే చెప్పండి.

ఇట్లు,
కోపం ఇంకా తగ్గని
మీ ఆవిడ