ఖాళీగా వదిలిన మాట

సబా అల్ సలేం,
18-7-90

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం అందింది. నీళ్ల ట్యాంకర్ నడిపే మహమ్మద్ గౌసన్న గేటు దగ్గర ఇస్తూ, "ఏమ్మా, నా ట్యాంకర్లో నీళ్లకంటే మీ ఆయన మాటలే బరువుగా ఉండాయే!" అన్నాడు. సిగ్గేసి లోపలికి పరుగెత్తాను.

ఒకే అరబ్బు దేశంలో ఉన్నాం, నువ్వు కబ్ద్ ఎడారిలో గొర్రెల దగ్గర, నేను ఇక్కడ ఇంటిపనిలో. తొమ్మిది నెలల్లో కలిసింది రెండుసార్లే. ఈ ఇంట్లో నా పేరు, తొందరపెడుతూ "యల్లా, సుధా" అన్నప్పుడే వినపడుతుంది.

చివర ఐ, జి, హెచ్, టి ఉన్న ఇంగ్లీషు మాటలన్నీ ఒకే ఇంటి పిల్లలని రాశావు. అర్థాలు రాస్తున్నాను. లైట్, వెలుతురు. రైట్, సరైనది. టైట్, బిగుతు. ఫైట్ మాత్రం నాకు తెలియలేదు. నువ్వే రాయి.

నీ సుధారాణి

కబ్ద్,
28-7-90

సుధా,

ఫైట్ అంటే కొట్లాట. మన పెళ్లిలో వడ్డన దగ్గర మా మామలు చేసింది అదే!

ఇప్పుడు ఈ, ఏ, ఆర్ ఇంటి పిల్లలు: హియర్, ఫియర్, టియర్, నియర్. వచ్చే శుక్రవారం, మూడో తేదీన, మా యజమాని కఫీల్ సెలవిచ్చాడు. వస్తాను. అర్థాలు కాగితం మీద కాదు, నీ నోటితో చెప్పాలి.

నీ ఈశ్వరయ్య

సబా అల్ సలేం,
16-8-90

బావా,

శుక్రవారం నువ్వు రాలేదు. గురువారమే ఇరాక్ ట్యాంకులు వచ్చాయి. మా యజమానురాలు మామా, ఆమె ఇంటివాళ్లు సామాను కారుకు కట్టి సౌదీకి బయలుదేరారు. నా పాస్‌పోర్టు చేతిలో పెట్టి, "యల్లా, సుధా, కారెక్కు" అంది మామా. ఎక్కలేదు. నేను వెళ్లిపోతే నీ ఉత్తరం ఎవరు తీసుకుంటారు?

ఇంత పెద్ద ఇంట్లో ఒక్కదాన్నే. గ్లాసు పెట్టిన చప్పుడుకే ఉలిక్కిపడుతున్నాను. గౌసన్న వస్తాడో రాడో తెలియకుండానే రాస్తున్నాను. హియర్, వినడం. ఫియర్, భయం. టియర్, కన్నీటి చుక్క. నియర్ తెలియలేదు. త్వరగా రాయి.

సుధ

కబ్ద్,
3-9-90

సుధా,

నీ ఉత్తరం ఈ రోజే అందింది. కఫీల్ వెళ్లిపోయాడు. నా పాస్‌పోర్టు ఆయన దగ్గరే ఉంది. అది లేకుండా నన్ను బస్సెక్కించుకోరు. గొర్రెల దగ్గరే ఉంటాను. నువ్వు గౌసన్నతో ఖైతాన్ వెళ్లి, మన దేశం వాళ్లను ఇంటికి పంపే బస్సెక్కు. నా కోసం ఆగవద్దు.

నియర్‌కు అర్థం రాయను. నీకు తెలుసు. ఫైట్ కూడా తెలుసు. ప్రతిసారీ ఒక మాట ఎందుకు ఖాళీగా వదులుతావో నాకు మొదటినుంచీ తెలుసు.

ఈశ్వరయ్య

కబ్ద్ దారి,
6-9-90

బావా,

నిన్న ఖైతాన్ వెళ్లాను. బస్సుల జాబితా రాసే ఆయనకు తెలుగు రాదు. ఇంగ్లీషులో ఎంతమందని అడిగాడు. ఇన్నాళ్లూ కాగితం దాటని నా ఇంగ్లీషు అప్పుడు బయటికొచ్చింది. "టూ" అన్నాను. ఆయనకు వినపడలేదు. గట్టిగా మళ్లీ అన్నాను. వెనకనున్న ఆడవాళ్లు నవ్వారు. నవ్వనీ.

పాస్‌పోర్టు లేనివాళ్లకు వేరే కాగితం రాసిస్తున్నారట. మనిషి మాత్రం స్వయంగా రావాలట. రేపు పొద్దున ఎనిమిదికి బస్సు.

ఈ ఉత్తరం ట్యాంకర్ ముందు సీట్లో కూర్చుని రాస్తున్నాను. గౌసన్న నడుపుతున్నాడు, అందుకే అక్షరాలు వంకరగా ఉన్నాయి. ట్యాంకులో నీళ్లున్నాయి. గొర్రెలకు తొట్టి నింపి, పక్క తోటవాళ్లకు అప్పగించి బయలుదేరదాం.

గౌసన్న లోపలికి వచ్చి ఇది నీకిస్తాడు. ఎదురుగా చెప్పాలంటే నాకు సిగ్గు. నువ్వు చదివేవరకు బయటే ఉంటాను.

నియర్ అంటే దగ్గర.

గేటు బయట నిలబడ్డ
నీ సుధ